మూడో పెట్టె

బయటివాళ్ల ముందు రహస్యాలు ఇంటి మాటలో మాట్లాడుకోవడం మావాళ్లకు తరతరాల అలవాటు. కోయంబత్తూరులో బట్టల కొట్టు నడిపిన మా నాన్న, బేరం ఎక్కడ ఆపాలో అమ్మకు తెలుగులోనే చెప్పేవాడు. ఎదుట నిలబడ్డ తమిళులకు అది గోడ.

కరెంటు లేకుండా, నీటి తడితోనే కూరగాయలను చల్లగా ఉంచే పెట్టెలు చేద్దామని నేనూ మా అన్న కూతురూ కంపెనీ పెట్టినప్పుడు ఆ గోడ కూడా మా వెంట వచ్చింది. పిల్ల బెంగళూరులో ఉద్యోగం మానుకుని వచ్చింది. పెట్టుబడి దొరక్కపోతే తిరిగి వెళ్లిపోతానని ముందే చెప్పింది.

చుట్టాలను అడగలేదనుకోకండి. మరో బట్టల కొట్టయితే ముందుకొచ్చేవాళ్లే. పెట్టెలనేసరికి, "ఓడిపోతే నలుగురిలో తలెట్లా ఎత్తేది?" అన్నారు. ఓటమి వాళ్లకు అంటురోగం.

చివరికి బెంగళూరు నుంచి ఒక పెట్టుబడిదారు వచ్చాడు. గాంధీపురం వెనక మా షెడ్డులో, ఒట్టన్‌చత్రం మార్కెట్టు నుంచి తెచ్చిన టమాటాలు మూడు పెట్టెల్లో పెట్టి ఉంచాం. ఆయన ఇంగ్లీషులో ప్రశ్నలు వేస్తుంటే, పిల్ల మొహం మీది నవ్వు చెదరకుండా నా వైపు వంగింది.

"అత్తా, మూడోది సల్లబడలేదు. పండ్లు మెత్తబడిపోయుండాయి."

"చుమ్మా ఉండమ్మా, గమ్మునుండు. రెండిటినే తెరుస్తాము. ఈ దొరకేం తెలుస్తాది?"

దొర కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మూడోది కూడా తెరవండి మేడమ్. మాది గుంటూరు."

తెరిచాను. ఆయన ఒక పండు నొక్కి చూశాడు. "పాడైతే ఫర్వాలేదండీ. దాచారు చూడండి, అదీ..."

నేను ఊరుకుంటానా? "పాడైందని ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేవారా?" అన్నాను. ఆయన టీ ముట్టకుండానే కారెక్కాడు.

ఇప్పటికీ అదే అడుగుతాను. దేశానికి కొత్త కంపెనీలు కావాలి, తప్పులు చేసి నేర్చుకోండి అని వేదికలెక్కి చెబుతారు. చేసిన తప్పును తెరిచి చూపే చోటు ఒక్కటి చెప్పమనండి!

ఆ వారమే పిల్ల బస్సెక్కింది. "కోపమేం లేదత్తా" అంది. ఉన్నా బాగుండేది, పోట్లాడేదాన్ని.

మూడో పెట్టెకు మూత సందులోంచి వేడి దూరుతోందని తర్వాత తెలిసింది. గోనెపట్టా కుట్టి బిగించాను. నిన్న తెరిచి లోపల చెయ్యి పెట్టాను.

"సల్లబడిందే!" అని అరిచాను.

షెడ్డు మూల వెల్డింగు చేస్తున్నతను తలెత్తి, ఏమిటని తమిళంలో అడిగాడు. తమిళంలోనే చెప్పాను. మంచిదమ్మా అని, మళ్లీ పనిలో పడ్డాడు.