గుంజ పక్కన కదలని తెరచాప

మా సరంగు చుక్కాని దగ్గర నిద్రపోయాడని రాశారు. ఆయన నిద్రపోలేదు. ఆ పడవలో ఆయన కాక ఉన్నది నేనొక్కణ్ణే. నన్నెవరూ అడగలేదు.

నాది నాలుగో తరగతి చదువు. మిగతాది పొట్లాల కాగితాలు చదువుకుని, నలుగురి మాటలు విని నేర్చుకున్నదే. తొంభైల చివర కృష్ణా నది మధ్య లంకలో మిరప వేసేవాణ్ణి. ఎండిన కాయను బస్తాలకెత్తి, తెరచాప పడవలో గుంటూరు వైపు ఒడ్డుకు తెచ్చుకునేవాళ్ళం. పడవ నడిపే సరంగు మా పక్క ఊరి సాయిబు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద.

పడవలు గుద్దుకుంటాయో లేదో ముందే కనిపెట్టడం నాకు నేర్పింది ఆయనే.

"ఏరా రైతూ, కూర్చున్న చోట నుంచి కదలమాక. మన తెరచాప గుంజ పక్కన ఎదుటి పడవని పెట్టుకుని చూడు. గుంజ దాటి ముందుకు జరిగిందనుకో, మన ముందు నుంచి పోద్ది. వెనక్కి జరిగితే మన వెనకమాల పోద్ది."

"జరక్కపోతే?"

"జరక్కుండా పెద్దదవతా ఉందంటే, మనకోసమే వస్తందని."

నవ్వుతూనే అన్నాడు. నాకెందుకో నవ్వు రాలేదు.

ఇంకో మర్యాద ఉండేది ఆ నీటి మీద. సరుకున్న పడవకి ఖాళీ పడవ తప్పుకోవాలి. బరువుతో ఉన్నది తిరగమంటే వెంటనే తిరగదు కదా.

ఆ పుష్యమాసం పొద్దున మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, ఒడ్డు లేదు, కొండ లేదు. తెల్లారి చాలాసేపయినా సూర్యుడి జాడ లేదు. చాప నిండా గాలి మాత్రం ఉంది. బస్తాల మీద కూర్చుని ఉండగా కుడి పక్క మంచులో మాసిన తెరచాప ఒకటి కనబడింది. ఇసుక పడవ. నీటికి బాగా పైకి తేలి ఉంది, అంటే ఖాళీది.

"గుంజకి ఎంత దూరంలో ఉందిరా?" అన్నాడు సరంగు.

"జానెడు."

కాసేపాగి మళ్ళీ అడిగాడు. మళ్ళీ జానెడే. అది రావడం లేదు, పోవడం లేదు. ఉన్నచోటనే ఉండి పెరుగుతోంది, గోడ మీద నీడ పెరిగినట్టు. నీటి చప్పుడైనా లేదు.

"ఓయ్, పడవా!" అని సరంగు మూడుసార్లు కేకేశాడు. జవాబు లేదు. అది తప్పుకుంటుందని అప్పటిదాకా ఆగినవాడు, ఇక ఒళ్ళంతా వేసి చుక్కాని తిప్పాడు. పడవ తిరగడం మొదలుపెట్టింది కూడా. అప్పుడు కనబడ్డాడు అవతల చుక్కాని పట్టుకున్న మనిషి. కళ్ళు తెరిచి, రెప్ప వెయ్యకుండా మమ్మల్నే చూస్తున్నాడు.

పక్క చెక్కలు పగిలాయి. బస్తాలు చినిగి నీళ్ళంతా ఎర్రగా మిరపకాయలే. ఇద్దరం ఒకే చెక్క పట్టుకుని ఒడ్డు చేరాం.

విచారణకు వచ్చిన ఆఫీసరు రేవు దిగలేదు. అంతసేపు కనబడుతున్న పడవను గుద్దుకున్నారంటే సరంగు నిద్రలో ఉండి ఉంటాడని కుర్చీలోంచే తేల్చి రాసేశాడు. నీళ్ళలో కాలు పెట్టనివాడికి ఏం తెలుసు? ఆ తర్వాత ఆయనకు ఎవరూ చుక్కాని ఇవ్వలేదు. రేవులో బస్తాలు దించేవాళ్ళు కూడా "ఏం మామా, లేచావా?" అని ఎకసెక్కాలాడేవాళ్ళు. ఆయన మా ఇంటికి వచ్చి నన్నే అడిగేవాడు: "నేను మేలుకునే ఉన్నాగదరా?" రాను రాను ఆ మాట ఆయనకే అనుమానంగా వినబడసాగింది. అదీ నా కడుపుమంట.

నాలుగు అర్జీలు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఏళ్ళు గడిచాక, ఆ ఇసుక పడవవాడు పని మానేసి పెదకాకానిలో కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నాడని తెలిసి వెళ్ళాను. చూడగానే పోల్చుకున్నాడు.

"మావాడు మేలుకుని ఉన్నాడా లేదా? మా కేక నీకు వినపడిందా లేదా? నిజం చెప్పు," అన్నాను.

కొడుతున్న కాయ పక్కన పెట్టి అన్నాడు:

"నిద్రేందండీ, ఆయన కళ్ళు నేను చూశాగా. కేకలు మూడూ వినపడినయ్. మీ పడవ అంతసేపూ ఒక్కచోటే ఉంటే లంగరేశారనుకున్నా. లంగరేసిన పడవకి చాప అంత నిండుగా ఎందుకుందా అని ఒళ్ళు జలదరించింది. మంచులో కదలని పడవలోంచి పిలిచేది మనిషి కాదు, పలక్కూడదని మావాళ్ళు చెప్పేవాళ్ళండీ. అందుకే పలకలా. చుక్కానీ తిప్పలా. కదిలితే నేను మనిషినని దానికి తెలిసిపోద్దని."