హిట్ సినిమా నాటి నెట్‌వర్క్ కార్డు

ఫిల్మ్ నగర్‌లో సెంటిమెంటు లేని వస్తువు ఉండదు. హిట్టయిన సినిమాకి వేసుకున్న చొక్కాని ఉతక్కుండా దాచుకున్న దర్శకులున్నారు. సినిమా పోయిందని ఆఫీసు గుమ్మాన్ని దక్షిణం నుంచి తూర్పుకి తిప్పుకున్న నిర్మాతలున్నారు. వీళ్లని చూసి నవ్వే ఓపిక మనోజకి ఎప్పుడో పోయింది. షూటింగ్ అయిన సినిమాల్ని కోసి అతికించే ఓ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం ఆమె ఉద్యోగం. అక్కడ ఏ మిషన్ పాడైనా ముందు కొబ్బరికాయ కొడతారు, ఆ తర్వాతే ఆమెని పిలుస్తారు.

మనోజ పుట్టింది యూసుఫ్‌గూడలో. తల్లి రాజమ్మ స్టూడియోల్లో నటుల బట్టలు ఇస్త్రీ చేసేది. పెద్ద పెద్ద హీరోల చొక్కాలు తన చేతుల మీదుగా వెళ్తున్నాయని ఏనాడూ మురిసిపోలేదు. "అంగి ఎవలిదైతేంది, మడత సక్కగుండాలె" అనేది. కూతురికీ అదే బుద్ధి వచ్చింది. అమీర్‌పేటలో కోర్సు చేసి, నాలుగు ఆఫీసుల్లో చాకిరీ చేసి ఇక్కడ కుదురుకుంది. మధురానగర్‌లో కిరాయికి ఉంటుంది, స్కూటీ మీద వచ్చి వెళ్తుంది. మిషన్ బాగుంటే బాగుందంటుంది, చెడితే చెడిందంటుంది. మొహమాటానికి కూడా మాట మార్చదు. అందుకని ఆఫీసులో ఆమెకి స్నేహితులు తక్కువ.

ఆ తక్కువ మందిలో ఒకడు ఎడిటర్ సుబ్రహ్మణ్యం. తెనాలి వైపు మనిషి, పెద్దవాడు. ఎప్పుడో ఒక సినిమా ఆయన చేతిలో పడి తిరుగులేని హిట్టయింది. ఆ సినిమాని కోసిన కంప్యూటరు మీదే ఇప్పటికీ కూర్చుంటాడు. దానికి బొట్టు, శుక్రవారం మల్లెపూలు, దసరాకి నిమ్మకాయ అన్నీ యథావిధిగా జరుగుతాయి. అంతవరకూ మనోజకి అభ్యంతరం లేదు. చిక్కల్లా దాన్ని ఆఫీసులోని మిగతా మిషన్లతో కలిపే నెట్‌వర్క్ కార్డుతోనే వచ్చింది.

హిట్ సినిమా విడుదలకు ముందు ఆ కార్డు కనెక్షను మాటిమాటికీ తెగిపోతుంటే, అప్పటి మెకానిక్ ఒకడు దాని వేగాన్ని వందకి, పద్ధతిని ఫుల్ డూప్లెక్స్‌కి, అంటే ఒకేసారి పంపుతూ అందుకునేలా, బిగించేసి పోయాడు. సినిమా ఆడింది. ఆ పైన ఆ సెట్టింగు కూడా దేవుడైపోయింది. ఎవరూ ముట్టుకోకూడదు. కిందటేడు ఆఫీసుకి సినిమాలన్నీ దాచి అందరికీ అందించే కొత్త సర్వరు వచ్చింది, దానితోపాటు కంప్యూటర్లన్నిటినీ కలిపే కొత్త స్విచ్ వచ్చింది. అప్పట్నించీ సుబ్రహ్మణ్యం తెర మీద బొమ్మ నత్తినత్తిగా నడుస్తోంది.

ఆ ఏడాదిలోనే దర్శకుల సణుగుడూ మొదలైంది. కట్ ఆలస్యంగా పడుతోందట. మాట అయిపోయినా కెమెరా అక్కడే తచ్చాడుతోందట. ఎవరన్నా ఆయన ఒకటే చెప్పేవాడు. "నన్నేం చేయమంటారండీ? బొమ్మ ఆగి ఆగి వస్తుంటే కట్ ఎక్కడ పడిందో నాకెలా తెలుస్తుంది?" న్యాయమైన మాటే. అందరూ నమ్మారు, మనోజా నమ్మింది. సెట్టింగు మార్చనివ్వమని ఎన్నిసార్లు అడిగినా, "ఇప్పుడొద్దమ్మా, మూఢం పోనీ" అని దాటేసేవాడు.

చివరికి మేనేజరు వెంకటేశ్వరరావు తేల్చేశాడు. శుక్రవారం నిర్మాత వచ్చి సినిమా చూస్తాడు. ఆలోగా ఆ డొక్కు మిషన్ బాగుపడకపోతే తుక్కుకిందే లెక్క, కొత్తది పెట్టేస్తారు. "అది పోయిన్నాడు నేనూ తెనాలి పోతాను" అన్నాడు సుబ్రహ్మణ్యం. అన్నాక ఇక మనోజని ఆపడానికి ఆయనకి దారి లేకపోయింది.

"కార్డు మాత్రం పీకకమ్మాయ్. లోపల ఏం చేసుకుంటావో చేసుకో," అని కుర్చీ పక్కకి జరిపి ఇచ్చాడు.

మనోజ కార్డు సెట్టింగులు తెరిచింది. మొదట వేగాన్నీ డూప్లెక్స్‌నీ, అవతలి మిషన్‌తో అదే కుదుర్చుకునేలా, ఆటోకి మార్చింది.

"ఫుల్ అని ఉందిగా. ఫుల్ కంటే ఆటో గొప్పదా?" అన్నాడాయన.

"సార్, మీ కార్డు మాట్లాడుకుంటనే వింటది. గా కొత్త స్విచ్ ఆటో మీద ఉంది. గిది ఏం చెప్పకుండ మొండిగ కూసుంటే, అది ఏమనుకుంటది? ఒకలు మాట్లాడుతుంటే ఒకలు ఊకోవాలె గావచ్చు అనుకుంటది. ఇద్దరొక్కసారి అందుకుంటే మాట పోతది, మళ్ల చెప్పాలె. గందుకే బొమ్మ ఆగుతది."

అయినా వేగం వంద దాటలేదు. వంగి చూస్తే కేబుల్ బల్ల కాలి కింద నలిగి ఉంది. లోపలి తీగల్లో సగమే పనిచేస్తున్నాయి. కొత్తది వేసింది. అప్పుడు ఎగిరి వెయ్యికి చేరింది. కాస్త ఖాళీ దొరికితే కార్డు కునుకు తీసే ఏర్పాటొకటి ఉంది, కరెంటు ఆదా కోసం, దాన్ని తీసేసింది. ఆ కార్డుకి తయారీవాళ్లు ఇచ్చిన ఆఖరి డ్రైవరు, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాము, వెతికి ఎక్కించింది. వచ్చే డేటా నిలవడానికి బఫర్లు పెంచింది. ఊపులో డేటాని మూటగట్టి పంపే ప్యాకెట్ సైజు కూడా పెద్దది చేస్తే అసలు సర్వరే కనబడకుండా పోయింది. దారి పొడుగునా అందరూ ఒప్పుకుంటే తప్ప అది కుదరదు. నాలిక్కరుచుకుని పాత సైజుకే తెచ్చింది. పెద్ద ఫైలు ఒకటి కాపీ చేసి చూసింది. కార్డు గుచ్చిన స్లాటు పాతది కాబట్టి పేరుకి తగ్గ వేగం రాలేదు గానీ, నిన్నటికీ ఇవాళ్టికీ పోలిక లేదు. ఆమెకి లోపల్నించి సంతోషం పొంగింది.

"ఏయుండ్రి సార్, రెండో రీల్."

బొమ్మ నూనె పోసినట్టు నడిచింది. సుబ్రహ్మణ్యం అందులో కొన్ని సీన్ల కట్లు చెరిపి, ఆగని బొమ్మ చూస్తూ మళ్లీ వేసి, రీల్ నడిపాడు. తెర మీద ఒక కూతురు తండ్రికి తన పెళ్లి సంగతి చెప్పేసింది. ఇప్పుడు తండ్రి మొహం చూడాలి. కెమెరా కూతురి మీదే ఉంది. ఇంకా ఉంది. చూసేవాడికి విసుగు పుట్టాక తండ్రి కనబడ్డాడు. తర్వాతి సీనులోనూ అంతే, ఫైటులోనూ అంతే. టికెట్టు కొన్న ఏ ప్రేక్షకుడైనా కుర్చీలో కదులుతాడు.

మనోజ గబగబా నెట్‌వర్క్ లెక్కలు తెరిచింది. ఎర్రర్లు సున్నా. ఒక్క తప్పు దొరికితే బాగుండునని ఆమె జన్మలో అంతగా కోరుకోలేదు. ఇన్నాళ్లూ ఆ నత్తి కార్డు ఆయన తప్పు కనబడకుండా అడ్డుగా నిలబడింది. ఆ అడ్డుని తన చేత్తోనే తీసేసింది.

సుబ్రహ్మణ్యం కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మళ్లీ ఎప్పట్లా పెట్టేయడం కుదురుతుందా అమ్మా?"

"కుదుర్తది సార్."

ఒక్క క్లిక్కు పని. మనోజ చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. అప్పుడే వెంకటేశ్వరరావు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏంటి మనోజ గారూ, తేలిందా? తప్పు మిషన్‌దేగా?"

అవునంటే మిషన్ తుక్కులోకి పోతుంది, కానీ ఆయన తల ఎత్తుకుని తెనాలి వెళ్తాడు. కాదంటే మిషన్ మిగులుతుంది, ఆయనకి మొహం మిగలదు.

"జర... ఇంకా చూస్తున్న సార్. కార్డుల ఏదో..." అంది. మిషన్ గురించి ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. సరిగ్గా కుదరలేదు.

"ఏం లేదండీ కార్డులో," అన్నాడు సుబ్రహ్మణ్యం. "ఏడాదిగా నేనే ముట్టుకోనివ్వలేదు. ముట్టుకుంటే ఏం తేలుతుందో నాకు అనుమానం ఉంది. మిషన్ బంగారంలా ఉంది. ఆలస్యం నాది."

"భలేవారే సుబ్రహ్మణ్యం గారూ, మీరలా అనేస్తే..." అంటూనే వెంకటేశ్వరరావు వెనక్కి తిరిగాడు. సెల్‌ఫోన్ మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు.

మనోజకి ఏడుపొచ్చింది. ఆపుకుంది. లేచి వెళ్లిపోదామనుకుంది, వెళ్లలేకపోయింది.

"మొదట్నించి వెయ్యమ్మాయ్," అన్నాడాయన, కళ్లజోడు పెట్టుకుంటూ. "శుక్రవారం దాకా టైముందిగా."

రీల్ మొదలైంది. మొదటి కట్ పడగానే "లేటు" అన్నాడు పైకే. ఆపి, ముక్క కోసి, మళ్లీ నడిపాడు. రెండోదానికీ అన్నాడు. మూడోది పడ్డప్పుడు తెరనే చూస్తూ కూర్చున్నాడు, ఏమీ అనలేదు.

"లేటు సార్," అంది మనోజ.