గులాబీ గోడ మీద అతుకు

రంగుల మేస్త్రిని గులాబీ రంగు అడిగితే చాలు, "ఏ గులాబీ?" అంటాడు. తెల్లగా పూసేదుంది, పసుప్పచ్చగా పూసేదుంది, నల్లబడేంత ఎరుపుదీ ఉంది. అన్నిటినీ వదిలేసి ఒక్కదాని రంగుకే ఆ పేరు కట్టబెట్టిన మహానుభావుడు దొరికితే నాలుగు దులిపేద్దామని ముప్పై ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు. దుకాణానికి వచ్చినవాళ్లు నవ్వుతారు. భార్య పోయిన ఈ రెండు నెలల్లోనూ ఆ ప్రశ్న మానలేదు. నోరు దాని పని అది చేసుకుపోతోంది.

ఏడవలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఆయన దిగులూ అదే. లోపల ఎంత తడుముకున్నా చేతికేమీ తగలడం లేదు.

ఆవిడ మంచం మీద కూర్చుని చదువుకునేది. గోడకు తల ఆనించీ ఆనించీ అక్కడ అరచేయంత నూనె మరక పడింది. నెలలు నిండిన కూతురు ఆ గదిలోకి మారుతోంది.

"నాన్నా, ఉయ్యాల ఈ గోడ పక్కనే వేస్తాను. ఆ మరక సంగతి కాస్త చూస్తావా? నీకు ఇష్టం లేకపోతే వద్దులే."

"మరకే కదమ్మా," అన్నాడు.

ఆ గోడ రంగు పాళ్లు ఎక్కడా రాసి లేవు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఒక పూరేక తెచ్చి, ఇదే కావాలంది. సాయంత్రానికి రేక కాస్తా వాడిపోయింది. ఇక ఆవిడే డబ్బా పక్కన చతికిలబడి "ఇంకో చుక్క, ఇంకో చుక్క" అంటూ పోయింది, ఆయన వేస్తూ పోయాడు. "చాల్లే, ఇక ఆపు" అన్నాక ఆపాడు.

మరకను సబ్బునీళ్లతో తుడిచి, నూనె పైకి ఉబకకుండా ప్రైమర్ వేశాడు. తెలుపులో ఎరుపు, చిటికెడు పసుపు, గోడ వెలిసింది కాబట్టి రెండు చుక్కల నలుపు. ప్రతిసారీ అట్టముక్క మీద పూసి, ఆరనిచ్చి, గోడకు పెట్టి చూశాడు. తడి రంగును నమ్మేవాడు మేస్త్రే కాడు. ఏడో ముక్క గోడలో కలిసిపోయింది.

అదే రంగు గోడకు పూసి, అంచులు పొడి బ్రష్‌తో చెదరగొట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తడిగా ఉన్నంతసేపూ ఆ చోటు ముదురుగా, ఆవిడ వదిలిన మరక మేరకే కనబడింది. తర్వాత అంచుల నుంచి ఆరుతూ వచ్చింది. అరచేయంతది చొక్కా గుండీ అంతయింది. ఆ తర్వాత అదీ లేదు.

తన అతుకు ఎక్కడుందో చూపించమని ఊరందరితో పందేలు కాసిన మనిషి ఆయన. ఒక్కరూ గెలవలేదు.

కూతురు వచ్చి చూసింది. "ఎక్కడ నాన్నా అది?"

ఆయన వేలెత్తాడు. ఇటు జరిపాడు, అటు జరిపాడు. భయమేసింది. ఈ రెండు నెలల్లో ఏదైనా అనిపించడం అదే మొదలు.

"తెలియడం లేదమ్మా."

కూతురు వెళ్లాక మంచమెక్కి, ఆవిడ చోట కూర్చుని, గోడకు తల ఆనించాడు. ఆవిడ పొట్టి. అందుకని కాస్త కిందికి జారాడు. ఇంకాస్త జారాడు. చాల్లే, ఇక ఆపు అనేవాళ్లు లేరు.