అందించని మాట

మామగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఎదుటి మనిషి మాట్లాడుతూ ఒక్క క్షణం ఆగితే చాలు, మిగతా మాట ఆయన అందించేవారు.

అరిచి కాదు. పక్కవాడికి వినపడకుండా, కావలసినవాడి చెవిలో మాత్రమే పడేంత గొంతుతో. ముప్ఫై నాలుగేళ్ళు నాటకశాలలో పక్కతెర వెనుక ముక్కాలిపీట మీద కూర్చుని, నాటకం ప్రతి ఒళ్ళో పెట్టుకుని, మాట మరిచిపోయిన నటులకు తర్వాతి ముక్క అందించడమే ఆయన ఉద్యోగం. ఎందరో రాజులు, మంత్రులు, ప్రేమికులు ఆయన నోటి చలవతోనే పరువు నిలుపుకున్నారు. ఉద్యోగం ముగిసి మూడేళ్ళయింది. పీట దిగారు గానీ పని మానలేదు.

ఒకసారి డాక్టరు ఆయన కాగితాలు తిరగేస్తూ "మీకున్నది..." అని ఆగాడు. మామగారు "రక్తపోటు" అని అందించారు. ఆ గొంతులో ఏం మహిమ ఉందో గానీ డాక్టరు అదే రాసేశాడు. లేని రక్తపోటుకు నెలరోజులు ఉప్పులేని కూరలు తిన్నారు మామగారు. కూతురి విషయంలో అయితే మరీ అన్యాయం. పెళ్ళాడబోయే కుర్రాడు ముందుగదిలో కూర్చుని, నేనంటే ఇష్టమేనా అని ఆ అమ్మాయిని అడిగాడు. ఆమె సిగ్గుపడి అరక్షణం ఆగింది. పక్కగదిలోంచి "ఇష్టమే" అని వినపడింది. ఆ మాట అన్నది తనో తండ్రో ఇప్పటికీ తనకే తెలియదంటుందామె. కాపురం మాత్రం బాగానే సాగింది.

చనిపోయిన అత్తగారు ఇంకా గడుసు. భర్త పేపరు చదువుతున్నాడో తన మాట వింటున్నాడో తేల్చుకోవడానికి కావాలనే వాక్యం మధ్యలో ఆగేవారట. పేపరు వెనుకనుంచి మిగతా ముక్క రాకపోతే ఆ పూట ఆయనకు టీ ఉండేది కాదు.

ఇక వీడ్కోలు సభ సంగతి ఊరంతా చెప్పుకున్నదే. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "వీరు మన రంగస్థలానికి చేసిన సేవ..." అంటూ జేబులో కాగితం కోసం తడుముకున్నాడు. వేదిక మీద దండ వేసుకుని కూర్చున్న మామగారు తల వంచుకునే "మరువలేనిది" అని అందించారు. అధ్యక్షుడు "మరువలేనిది" అన్నాడు. చప్పట్లు మోగాయి. తన పొగడ్త తనే అందించుకున్నానని ఇంటికొచ్చి సగం అన్నం తిన్నాక గానీ ఆయనకు తట్టలేదు. మిగతా సగం తినలేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒప్పుకునే తప్పు ఒక్కటే. చేరిన కొత్తలో జరిగింది. తండ్రి వేషం వేసిన ఒక పెద్ద నటుడు, చనిపోయిన కొడుకు చొక్కా చేత్తో పట్టుకుని, మాట్లాడకుండా నిలబడిపోయాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్న మామగారికి చెమటలు పట్టాయి. ఎనిమిది దగ్గర ఆగలేక, "నాయనా, ఎక్కడికి వెళ్ళావురా" అని అందించారు. సూది పడితే వినపడే సమయం అది. ముందు మూడు వరసలూ విన్నాయి, ఎవరో నవ్వారు. తెర పడ్డాక పెద్ద నటుడు పీట దగ్గరికి వచ్చి కోప్పడలేదు. "నేను మరిచిపోలేదయ్యా, ఆగాను. ఆ తేడా నేర్చుకో" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఈ కథ కోడలు పదకొండుసార్లు విన్నది. ఇంత తెలిసిన మనిషి ఇంట్లో ఎవరినీ ఎందుకు ఆగనివ్వడో అని పదకొండుసార్లూ మనసులో అనుకున్నది, పైకి అనలేదు. ఆమె అసలే మితభాషి. రక్తపరీక్షలు చేసే చోట ఉద్యోగం, రోజంతా సూక్ష్మదర్శిని మీదికి వంగి ఉండటం, ఆ గాజుపలకల మీది చుక్కలు ఎవరినీ కబుర్లు చెప్పమని అడగవు. ఆమె ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు మామగారివే అయ్యేవి. ఆమెకు అది ఒక విధంగా సుఖంగానే ఉండేది.

పాప పుట్టాక ఆ సుఖం పోయింది.

పనిలో ఆమెకు ఎవరూ వంక పెట్టలేరు. పాలు వేళకు, స్నానం వేళకు, గుడ్డలు మడత చెడకుండా. కానీ తొట్టె మీదికి వంగితే చాలు, నోరు పెగిలేది కాదు. అందరి తల్లులూ ఏవేవో అంటారు కదా, బంగారమనీ బుజ్జి అనీ. ఆ మాటలు ఆమె నోట ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉండేవి. చిన్నప్పుడే తల్లి పోయి, హాస్టలు గంటల మధ్య పెరిగిన మనిషి. తనను ఎవరు ఎలా ఆడించారో గుర్తులేదు. పాప తనవైపు చూసి, కాసేపటికి గోడవైపు చూసేది. రెండిటికీ దానికి తేడా తెలియడంలేదని ఆమెకు అనిపించేది. ఆ అనుమానం ఆమెను లోలోపల కొరుక్కుతినసాగింది.

ఆ మాట చివరికి భర్తతో అన్నది. అతను లేతు మిషన్ల పనివాడు, ఇనుముతో వేగగలడు గానీ ఇలాంటివాటితో వేగలేడు. నీకంతా ఊహే అన్నాడు. నాలుగు రోజులు పోయాక తనే భయపడి అక్కకు ఫోను చేశాడు. ఆ అక్క, అంటే కోడలికి వదిన, ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్దచేసి, పసిపిల్లల బడి నడుపుతున్న మనిషి. సందడిగా నవ్వే మంచి మనిషి. నీ సెలవు అయిపోగానే పాపను నేను తీసుకెళ్తాను, నడక వచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది అన్నది. కోడలు సరేనన్నది. మాటలు వచ్చిన మనిషి దగ్గర పెరిగితే బిడ్డకు మేలని ఆమె నిజంగానే నమ్మింది. నమ్మి, స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

మామగారు ఈ ఏర్పాటు గురించి ఒక్క ముక్క అనలేదు. ఆయన మటుకు ఆయన పనిలో పడ్డారు.

తొట్టె పక్కన, నాటకశాలనుంచి తెచ్చుకున్న అదే ముక్కాలిపీట వేసుకున్నారు. పాప మొహానికి మూరెడు దూరంలో తన మొహం పెట్టేవారు. ముసలి మొహమైనా కొత్త కళ్ళకు దగ్గరగా ఉండాలి, దూరమైతే మసకేనని ఆయన లెక్క. తీర్పు చెప్పే జడ్జీ అంత గంభీరంగా ఉండి, మెల్లగా నాలుక బయటపెట్టి, అలాగే ఉంచి, ఎదురుచూసేవారు. ఒక పెద్దమనిషి నాలుక బయటపెట్టుకుని నిమిషాల తరబడి కూర్చోవడం చూసి గ్యాసు బండ తెచ్చినవాడు సంతకం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. మూడోరోజున పాప తన పెదాలు కూడగట్టుకుని, ఎంతో కష్టపడి, నాలుక కొసను బయటికి తోసింది. మామగారు తల ఆడించారు, అంతే. కొత్త నటిని మొదటిరోజే పొగిడితే చెడిపోతుందన్నారు.

కాసేపటికి పాప మొహం తిప్పుకుంటే ఆయన వెంటనే వెనక్కి జరిగేవారు. తెర దించమంటోంది, అలసిపోయింది అనేవారు. మళ్ళీ అదే ఇటు తిరిగితే అప్పుడు రెండో అంకం.

కోడలికి చిరాకు పుట్టించింది ఇవేవీ కావు. పాప మాటలు కూడా ఆయనే అందించడం మొదలుపెట్టారు. ఆమె మాట్లాడకుండా గుడ్డ మారుస్తుంటే తొట్టె వెనుకనుంచి "అమ్మా, నీ చేతులు చల్లగా ఉన్నాయి" అని సన్నగా వినపడేది. తలెత్తి చూస్తే ఆయన పైకప్పు చూస్తుండేవారు. ఆమె ఒప్పుకోలేకపోయినా, మర్నాటినుంచి చేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేది.

తర్వాత వంతు ఆమెకే వచ్చింది. పాప కాలు పట్టుకుని నూనె రాస్తూంటే తలుపు చాటునుంచి "ఇది కాలు" అని అందింది. ఆ గొంతునుంచి అంతటి డాక్టరే తప్పించుకోలేకపోయాడు, ఆమె ఎంత? "ఇది కాలు" అన్నది. "ఇవి వేళ్ళు, ఐదూ ఉన్నాయో లేదో చూద్దాం." అదీ అన్నది. పాప కాళ్ళు కొట్టుకోవడం ఆపి ఆమె నోటివైపు చూసింది. ఇంకోరోజు ఆయనకు పాత అలవాటు పొంగుకొచ్చి, "మహారాణీ, తమ పాదములు కడిగి ధన్యులమయ్యెదము" అని అందించారు. కోడలు సగం అని, నవ్వు ఆపుకోలేక, తువ్వాలులో మొహం దాచుకుంది. తువ్వాలు తీసేసరికి పాప కూడా నవ్వుతోంది. పళ్ళులేని నోరంతా తెరిచి, తువ్వాలు వైపే చూస్తూ. మళ్ళీ దాచుకుంది, మళ్ళీ తీసింది. ఆ ఉదయం స్నానం నీళ్ళు చల్లారిపోయాయి.

కానీ ఆ ఆనందం సాయంత్రం దాకా నిలవలేదు. మాటలు మామగారివి, ఆట మామగారిది, పాప నవ్వింది ఆయన మాటలకే, తాను మధ్యలో నోరు అరువిచ్చిందంతే అనుకుంది. పాప బట్టలు సంచిలో సర్దింది.

ఆదివారం వదిన వచ్చింది. వస్తూనే గిలకలు, గంటలు, పిల్లికూతలు. పాపను ఒళ్ళో వేసుకుని, గిలక ఆడించి, బుగ్గలు పుణికి, గాల్లోకి ఎత్తి, ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెప్పింది. పాప కొంతసేపు కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. తర్వాత మొహం పక్కకు తిప్పుకుంది. వదిన గిలకను ఆ పక్కకు తెచ్చింది. పాప ఈ పక్కకు తిప్పుకుంది. గిలక ఈ పక్కకు వచ్చింది. పాప పెదవి వంకర తిరిగింది.

టీలు అయ్యాయి. వదిన సంచి చేతికి తీసుకుని, నవ్వు ఆపి, ఒక్కసారి సూటిగా కోడలివైపు చూసింది.

"నీ మనసులో మాట చెప్పు. తీసుకెళ్ళనా?"

కోడలు నోరు తెరిచింది. మాట రాలేదు.

అందరి చూపూ తలుపు పక్కన పీట మీదికి వెళ్ళింది. ఇల్లు మొత్తానికి అలవాటు, ఎవరు ఆగినా ఆ పక్కనుంచి మాట వస్తుంది. వదిన చూసింది, భర్త చూశాడు, కోడలు అందరికన్నా ఆశగా చూసింది. ఏదో ఒకటి అందిస్తే అనేసి ఈ గండం దాటేద్దామనుకుంది. మామగారు భుజం మీది కండువా కొస నోట్లో కుక్కుకుని పళ్ళతో బిగబట్టుకుని కూర్చున్నారు. మెడ నరాలు ఉబ్బాయి. కుడిచేతి వేళ్ళు మోకాలి మీద లెక్కపెట్టుకుంటున్నాయి. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిది దాటింది. కండువా కదల్లేదు.

ఆ నిశ్శబ్దంలో పాప మూలిగింది.

"తెర దించమంటోంది వదినా" అన్నది కోడలు. "తల తిప్పుకుంటోంది చూడండి. అలసిపోయింది." ఆ మాట తన నోట ఎలా వచ్చిందో చూసుకునే తీరిక ఆమెకు లేదు. లేచి పాపను అందుకుంది. చేతులు అప్పటికే రుద్దుకుని ఉంది. మూరెడు దూరంలో పట్టుకుని, కాసేపు ఊరికే ఉంది. పాప తనంతట తాను ఇటు తిరిగేదాకా ఉంది. తిరిగాక ఏం చెప్పాలో వెతుక్కోలేదు. తనకు తెలిసిందే చెప్పింది.

"రేపు నేను పనిలోకి వెళ్తున్నానమ్మా. అక్కడ గాజుపలక మీద ఒక రక్తపు చుక్క వేస్తారు. లోపల చూస్తే ఎర్రగా, గుండ్రంగా ఎన్నో ఉంటాయి. ఒక్కొక్కదానికి మధ్యలో చిన్న గుంట."

ఆగింది.

"ఊ" అన్నది పాప.

"అవును, గుంటే. నీ బుగ్గకు పడ్డట్టే. నీలోనూ ఉన్నాయవి, బోలెడు."

మళ్ళీ ఆగింది. పాప పెదాలు కూడగట్టుకుని, చేతులు బిగించి, తనకున్న బలమంతా పెట్టి ఈసారి పొడుగ్గా ఊకొట్టింది. కళ్ళు తల్లి మొహం మీదే ఉన్నాయి, గోడవైపు పోలేదు. రక్తకణాల కథ అంత బాగుంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

కోడలు తల తిప్పకుండానే చెప్పింది. "పాప నా దగ్గరే ఉంటుంది వదినా. ఏమీ అనుకోకండి."

అనుకోవడానికేముంది అన్నది వదిన. గిలక తొట్టెలో పెట్టి, కళ్ళు తుడుచుకుని, తండ్రివైపు తిరిగింది. ఈ ఇంట్లో పుట్టి పెరిగి ఒక్క వాక్యం సొంతంగా పూర్తిచేసుకోలేకపోయాను, నా పెళ్ళిమాట కూడా నాది కాకుండా చేశావు, కోడలికి మాత్రం కండువా నమిలి మరీ ఆగావా నాన్నా అని నిలదీసింది. మామగారు కండువా నోట్లోంచి తీశారు. కొసకు రెండు చిల్లులు పడ్డాయి.

వదిన వెళ్ళాక, పాప నిద్రపోయాక, కోడలు ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన పాప గుడ్డలు మడతపెడుతున్నారు.

"అప్పుడు ఎందుకు అందించలేదు మామయ్యా?"

"నువ్వు మరిచిపోలేదు కదమ్మా. ఆగావు."

మరి ఇన్నాళ్ళూ ఊరికే అందిస్తూ వచ్చారేం అని అడిగింది. మాట ఉన్నవాళ్ళకే అందించగలమని, లేనివాళ్ళకు పుట్టించడం ఏ పీట మీద కూర్చున్నవాడి వల్లా కాదని ఆయన చెప్పారు. తనది ఎప్పుడూ మొదటి రెండు ముక్కలేనట. రేపటినుంచి పగలు పాపను తాను చూసుకుంటానని కూడా అప్పుడే చెప్పారు. ఆ ముక్క ముందే అంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా అన్నది కోడలు.

"అది నీ డైలాగు తర్వాత రావలసిందమ్మా. ముందు అనేస్తే నీది పోతుంది."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయనకు ఒక్కసారి కూడా నోరారా కృతజ్ఞత చెప్పలేదని కోడలికి గుర్తొచ్చింది.

"మామయ్యా, మీరు చేసిన మేలు..."

నిజంగానే ఆగిపోయింది. మామగారు గుడ్డ అంచులు సరిచూసుకుంటూ, తలెత్తకుండా, అలవాటు కొద్దీ సన్నగా అందించారు.

"మరువలేనిది."

అన్న తర్వాత ఏమన్నారో తెలిసింది. చేతిలో గుడ్డ జారిపోయింది. ఇంతటి మనిషి సిగ్గుతో చెవులదాకా ఎర్రబడి, మడతపెట్టిన గుడ్డలన్నీ విప్పి మళ్ళీ మొదటినుంచి మడతపెట్టడం మొదలుపెట్టారు.

"మరువలేనిది" అన్నది కోడలు, ఈసారి పైకి, అక్షరం అక్షరం పూర్తిగా.

తొట్టెలోంచి నిద్రలోనే పాప ఊ అన్నది.