పప్పు ఉడికే బోరు

కదిరి గ్రంథాలయంలో ఫ్లోరైడ్ గురించి ఉన్న ఒకే ఒక్క పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకునేదాన్ని, ఇచ్చేసి మళ్లీ తెచ్చుకునేదాన్ని. అందుకే రెండువేల సంవత్సరం ఆ ప్రాంతంలో ఒక సంస్థ వాళ్లు మా ఊరికి వచ్చి, బోర్ల నీళ్లు పరీక్షించి పటం గీసే మనిషి కావాలన్నప్పుడు, వాళ్ల మాట పూర్తికాకముందే చేయెత్తాను.

గొట్టంలో నీళ్లు పోసి ఎర్రటి మందు చుక్కలు వేయాలి. గులాబీరంగు నిలిస్తే తాగొచ్చు, పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువ. పాత క్యాలెండరు వెనక ఊరి వీధులు గీసి, ప్రతి బోరు దగ్గరా రంగు చుక్క పెడుతూ తిరిగాను. ఎండ తెలియలేదు, ఆకలి గుర్తురాలేదు. ఎదురైన మేకలకు కూడా ఫ్లోరైడ్ గురించి చెప్పేదాన్నేమో.

మా ఊళ్లో నీళ్లకు పరీక్ష కందిపప్పే. పప్పు ఇట్టే మెత్తబడితే అవి మంచినీళ్లు. అందుకే మా వదిన దారిలో బోర్లన్నీ దాటుకుని బడి ముందరి బోరుకు పోయేది. నా గొట్టంలో ఆ నీళ్లే అన్నిటికంటే పసుపుపచ్చగా తిరిగాయి. ఎవరూ ముట్టని గొర్రెలదొడ్డి బోరు గులాబీగా నిలిచింది.

అన్న కూతురికి అప్పుడు రెండేళ్లు. మా నాయనకూ అన్నకూ పళ్ల నిండా గోధుమరంగు మరకలు. అవి మా వంశంలోనే ఉన్నాయని, బిడ్డకూ వస్తాయని వదిన దిగులు. చిన్నప్పుడు తాగే ఫ్లోరైడ్ నీళ్లే ఆ మరకలు తెస్తాయని నేను చదివాను. పరుగెత్తుకెళ్లి వదినకు చెప్పాను, దొడ్డి బోరు నీళ్లే పట్టమన్నాను.

"ఏమ్మే, ఆ దొడ్డి నీళ్లలో పొద్దుగూకినా పప్పు ఉడకదు. నీ బుక్కు వచ్చి ఉడికిస్తాదా?"

"సున్నం తక్కువుండే నీళ్లలోనే పప్పు తొందరగా ఉడకతాది వదినా. ఫ్లోరైడ్ గూడా అట్లాంటి నీళ్లలోనే ఎక్కువుంటాది."

వదిన బిడ్డను ఒళ్లోకి లాక్కుని, నోరు తెరిపించి, చిన్న చిన్న పళ్లను చాలాసేపు చూసింది. తర్వాత పొయ్యి మీది ఎసరు పారబోసి బిందె అందుకుంది.

"యాడికి?"

"దొడ్డికాడికి. నువ్వూ రా, నీ చదువు గూడా ఒక బిందె మోయనీ."

ఆ పూట పప్పు పలుకుపలుకుగా ఉంది.

"ఇది పప్పా, గుగ్గిళ్లా?" అన్నాడు నాయన.

"నమలు మామా, పళ్లుండాయి కదా," అంది వదిన.

పాప మాత్రం కాస్త ఉప్పగా ఉన్న ఆ చవ్వటి నీళ్లు గుక్కెడు తాగి, మొహం చిట్లించి, మళ్లీ చెంబు కోసం చేయి చాపింది.