గుమ్మం దగ్గరి బిందె

నా చిన్నప్పుడు ఒక్క పూట నేను ఆర్థిక శాఖ నడిపాను. మీరు నవ్వినా నాకు మాత్రం నవ్వు రాదు.

అది ఎన్నికలైన ఏడాది, బడ్జెట్ జూలైలో పెట్టారు. మా రేపల్లె వైపు కాలవలు ఇంకా వదల్లేదు, బోరు కొడితే ఉప్పునీళ్లు. రెండు రోజులకోసారి వచ్చే ట్యాంకరు దగ్గర పట్టిన మంచినీళ్లన్నీ వరండాలో ఒకే డ్రమ్ములో పోసేవాళ్లం. ట్రెజరీలో గుమాస్తాగా చేసి రిటైరైన మా తాతయ్య ఆ రోజు రేడియోకి అతుక్కుపోయాడు. బడ్జెట్ చదవబోయే ఆర్థిక మంత్రిగారి శాఖ ఏం చేస్తుందని నేను విసిగిస్తే చెంబు నా చేతికిచ్చాడు. దేశంలో పన్నులన్నీ ఒకచోటికి చేరతాయట, తక్కిన శాఖలన్నీ మాకంటే మాకని వస్తాయట, ఎవరికెంతో తేల్చి రేపటికి కాస్త మిగల్చాలట. ఈ పూటకి డ్రమ్ము నీదే, నువ్వే తేల్చు అన్నాడు.

నాకు కొమ్ములొచ్చాయి. పిన్ని తలంటుకోవాలని బుగ్గ గిల్లింది, రెండు బిందెలిచ్చాను. మామయ్య ఐస్‌క్రీము ఆశ చూపించి స్కూటరు కడుక్కున్నాడు. నా కనకాంబరం మొక్కలకి ఎవరినీ అడక్కుండానే పోసుకున్నాను, పెత్తనం నాదే కదా. గుమ్మం దగ్గర గుడ్డ కప్పిన ఇత్తడి బిందె ఒకటి కనిపించింది. దానికోసం ఎవరూ అడగలేదు కాబట్టి అటు పోలేదు.

అది పక్క వాటాలో ఉండే ముసలావిడది. పిల్లలమంతా ఉర్దూలో అమ్మమ్మ అన్నట్టు నానీ అని పిలిచేవాళ్లం. మోకాళ్ల నొప్పులతో ట్యాంకరు దగ్గర నిలబడలేక, బిందె మా గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేది. అమ్మ నింపేది. ఆవిడ అడగడమూ ఉండదు, అమ్మ ఇచ్చానని చెప్పడమూ ఉండదు. ఆ రోజు అమ్మ తెనాలి వెళ్లింది.

మధ్యాహ్నం నానీ వచ్చి గుడ్డ తీసి చూసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. పురిటికొచ్చిన ఆవిడ కూతురు బిడ్డను కని నాలుగు రోజులే. బోరు నీళ్లే కాచి తాగించిందట. సాయంత్రానికి ఆ అక్కకి వాంతులని తెలిసి తాతయ్య డ్రమ్ము మూత తీశాడు. అడుగున చెంబెడు నీళ్లు కూడా లేవు.

తాతయ్య మా బిందె సైకిలు వెనక కట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరాడు. ఊళ్లో ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, స్టేషను దగ్గర టీకొట్టు అతన్ని బతిమాలి సగం బిందె తెచ్చాడు. "మీకెందుకండి అన్నయ్యగారూ ఇంత శ్రమ" అంది నానీ. సిగ్గుతో నాకు ఏడుపు ఆగలేదు.

తాతయ్య నా పక్కన కూర్చున్నాడు.

"తప్పు నాది కూడానమ్మా. ఆ శాఖ పని నీకు సగమే చెప్పాను. అడిగినోళ్లకి పంచడం ఎవరైనా చేస్తారు. అడగనోళ్లది ముందు తీసి పక్కన పెట్టాలి."

ఆ అక్క రెండు రోజులకి తేరుకుంది. కానీ తర్వాతి ట్యాంకరు రోజు మా గుమ్మం దగ్గర బిందె లేదు. దానికోసం ఎంతసేపు ఎదురుచూశానో. చివరికి నేనే వాళ్లింటికి వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, బిందె ఇవ్వమని అడిగాను.

నాకిప్పుడు తల నెరుస్తోంది. బడ్జెట్ రోజు టీవీలో ఎవరికెంతో చదువుతుంటే నేను ఆ జాబితాలో లేనివాళ్ల కోసం చెవి పెడతాను. ఇంట్లో ఏది పంచబోయినా ముందు ఒకసారి గుమ్మం వైపు చూస్తాను.