వియ్యాలవారికి ఆరు కుళాయిలు

మధ్యలో నవ్వనని ఒట్టేస్తేనే చెప్తాను. మొన్న ఆదివారం వియ్యాలవారు మొదటిసారి మా ఇంటికి భోజనానికొస్తే, మా అమ్మాయి సుధ పెళ్లి అక్కడికక్కడే చెడిపోయేంత పనైంది. కారణం? కుళాయిలు! అవును, కుళాయిలే. ఆ టీ పక్కన పెట్టి వినండి ముందు.

మా ఆయన సంగతి మీకు తెలిసిందేగా. బ్రాడీపేటలో కూల్‌డ్రింకు షాపు మూసేశాక మనిషి ఊరుకున్నాడా? సోడా గ్యాసు సిలిండరు, ఓ స్టీలు డ్రమ్ము, ఓ కుళాయి ఇంటికి మోసుకొచ్చి వెనక వరండాలో బిగించుకున్నాడు. రోజూ సాయంత్రం ఆ కుళాయి తిప్పి, గ్లాసెడు నిమ్మసోడా పట్టుకుని, అదేదో తనే కనిపెట్టినట్టు నావైపు చూస్తాడు. మగాళ్లకి ఏదో ఒక పిచ్చి ఉంటుంది, పేకాట కన్నా ఇది నయంలే అని ఊరుకునేదాన్ని.

పొన్నూరు నుంచి వియ్యాలవారు పదిహేను మంది వస్తున్నారని ఫోనొచ్చిందో లేదో, నా బుర్రలో లైటు వెలిగింది. అసలే మే నెల ఎండ. పైగా మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే మిరప ఘాటుకి గొంతులు మండిపోతాయి. వచ్చినవాళ్లకి ముందు కావాల్సింది తాగడానికేగా? హాల్లో గ్రానైట్ గట్టు వేయించి, దానిమీద వరసగా కుళాయిలు పెట్టిస్తే! పొన్నూరు వాళ్లు ఎప్పుడన్నా చూశారా అలాంటిది? నోళ్లు వెళ్లబెట్టాల్సిందే.

ఇక ఎన్ని కుళాయిలు అన్న దగ్గర మొదలైంది గోల.

"ఉన్న ఒక్కటీ చాలదూ?" అన్నాడు మా ఆయన.

"ఒక్కటా! పదిహేను మందీ గ్లాసులు పట్టుకుని రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నిలబడాలా? మీ తెలివి ఇలా ఏడిసింది కాబట్టే షాపు మూతపడింది" అన్నాను.

మెకానిక్ మస్తాన్‌ని పిలిపించాం. మా షాపు మెషిన్లన్నీ ఇరవై ఏళ్లు చూసిన మనిషి. గడ్డం గోక్కుని, "రెండు పెట్టుకోండి అమ్మగారూ. ఒక్కో కుళాయికి ఒక్కో డ్రమ్ము కావాలి. అన్నిటికీ ఒకే ప్రెషరు కుదరదు. ద్రాక్ష రసమైతే ఊరికే నురగొచ్చేస్తది" అన్నాడు.

"పని తప్పించుకోడానికి ఎన్ని కబుర్లయినా చెప్తావు! ఆరు పెట్టు" అన్నాను.

ఆరెందుకంటారా? నిమ్మ, అల్లం, సుగంధి, నారింజ, ద్రాక్ష, ఉత్త సోడా. ఒకటి తగ్గిస్తే నాకు ఊపిరాడదు. మస్తాన్ డ్రమ్ములు తెచ్చి గట్టు కింద పేర్చాడు.

మా సుధ అడిగింది, "అమ్మా, మరి గ్లాసులు ఎవరందిస్తారు?" అని.

"అందించడం ఏంటే? ఎవరికి కావాల్సింది వాళ్లు పట్టుకుంటారు. పెద్ద హోటళ్లలో అదే పద్ధతి. ఎంసీఏ చదివావు గానీ నీకేం తెలుసు" అని నోరు మూయించాను. వంటావిడ ఓ మనిషిని పంపుతానంటే అదీ వద్దన్నాను. సుధకి పాపం ఆ అబ్బాయి బాగా నచ్చాడు. "ఆదివారం ఒక్కరోజు ఎవర్నీ ఏమీ అనకమ్మా, నీకు దణ్ణం పెడతా" అని బతిమాలింది. నేను ఎవర్నన్నా ఏమన్నా అంటానా?

ఆదివారం రానే వచ్చారు. వియ్యపురాలు మీగడ రంగు మంగళగిరి పట్టుచీర కట్టుకొచ్చింది. అందరూ కూర్చున్నాక నేను గట్టు మీద కప్పిన గుడ్డ తీసేసి, "ఆరు రకాలు వదినగారూ! ఏది కావాలంటే అది పట్టుకోండి" అన్నాను.

"బాగున్నాయండీ" అన్నారందరూ. ఒక్కరు లేస్తే ఒట్టు.

"మొహమాటపడకండి!"

"పర్లేదండీ, పర్లేదు."

వియ్యంకుడుగారైతే కండువాతో మెడ తుడుచుకుంటూ కుళాయిల వైపోసారి, పెళ్లాం వైపోసారి చూస్తున్నాడు. దాహమేస్తే లేచి పట్టుకోవచ్చుగా, కాళ్లేమన్నా పడిపోయాయా అని లోపల్లోపల తిట్టుకుంటున్నాను. నిజం చెప్తున్నా, అప్పటికీ నాకు వెలగలేదు! మగపెళ్లివారు మొదటిరోజే లేచెళ్లి తమ గ్లాసు తాము పట్టుకుంటారా ఎక్కడన్నా? పిల్లనిచ్చే తల్లిని, ఆమాత్రం నాకు తెలియొద్దూ?

పావుగంట చూసి వియ్యపురాలు నోరు విప్పింది. మెల్లగానే అంది మహాతల్లి. "వదినగారూ, కోతలకొచ్చిన కూలీలకి కూడా మేం ఎదురెళ్లి మజ్జిగ అందిస్తామండీ."

సుధ మొహం పాలిపోయింది. గబగబా గ్లాసు తీసుకుని, దగ్గర్లో ఉందని ద్రాక్ష కుళాయి తిప్పాను. గ్లాసు నిండా నురగే. పారబోసి మళ్లీ పట్టాను. మళ్లీ నురగే.

"సిలిండరు జోలికెళ్లకు!" అని వెనకనుంచి మా ఆయన.

ఆయన వద్దన్న పని చెయ్యడం నాకు పాతికేళ్ల అలవాటు. వంగి సిలిండరు మర ఇంకో రెండు చుట్లు తిప్పాను. వియ్యపురాలికి నన్ను చూసి జాలేసిందేమో, "ఉండండి, నేనూ ఓ చెయ్యేస్తాను" అంటూ దగ్గరకొచ్చింది.

ఠప్పుమని పైపు ఊడింది!

డ్రమ్ములో ఉన్న ద్రాక్ష రసం సగం ఆవిడ మీదే. మీగడ రంగు చీర ఏ రంగుకి తిరిగిందో నేను చెప్పక్కర్లేదు. వియ్యంకుడిగారి తెల్లచొక్కా, గోడ మీద మా అత్తగారి ఫోటో, దేన్నీ వదల్లేదు. మా ఆయన వెళ్లి గ్యాసు కట్టేశాడు. నన్ను ఒక్క మాటన్నా అనలేదు. అనుంటే బాగుండేది, తిరిగి నాలుగంటించి కాస్త తేలికపడేదాన్ని.

అయిపోయింది, ఇక పెళ్లి పెటాకులే అనుకున్నాను. ఆవిడేం చేసిందో తెలుసా? మొహం తుడుచుకుని, కొంగు దోపుకుని, తిన్నగా మా వంటింట్లోకెళ్లింది. బిందెలో మంచినీళ్లు గ్లాసుల్లో పోసి, పళ్లెంలో పెట్టుకొచ్చి అందరికీ అందించింది. ఆఖరున నాకూ ఒకటిచ్చింది. "తీసుకోండి వదినగారూ" అంది. నా ఇంట్లో నాకు మర్యాదలు! సిగ్గుతో చచ్చిపోయాను. తాగాను కూడా, నోరెండిపోయింది మరి.

భోజనాలయ్యాయి, వెళ్లారు. నాలుగు రోజులు పొన్నూరు నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. సుధ అన్నం సరిగ్గా తినలేదు, నాతో మాట్లాడలేదు. నిన్న పొద్దున ఫోను మోగింది. ఎత్తితే ఆవిడే! సంబంధం వద్దని చెప్పడానికే అనుకున్నాను. సుధ నా పక్కనే నిలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముహూర్తం పెట్టించేశాం వదినగారూ" అంది.

నా ప్రాణం లేచొచ్చింది! సుధకి సైగ చేశాను. పిచ్చిది ఏడ్చేసింది.

"మావాళ్లు రెండొందల మంది దాకా వస్తారు. మరి ఏర్పాట్లన్నీ మీరే చూసుకుంటారా?" అని అడిగింది.

"నేనే! అన్నీ నేనే దగ్గరుండి చూస్తాను" అన్నాను. ఇంత జరిగినా నా టెక్కు ఎక్కడికి పోద్ది?

"అనుకున్నాను. అందుకే మావాళ్లందరికీ ముందే చెప్పేశానండీ, ఎవరి మంచినీళ్లు వాళ్లు తెచ్చుకోమని."

అదీ నా ఘనత. మీరంతా తప్పకుండా రావాలి. రిసెప్షన్ దగ్గర నిలబడి మర్యాదలు చూసేది నేనే... కాబట్టి ఇంట్లో ఓ చెంబెడు నీళ్లు తాగి మరీ బయల్దేరండి!